అణు కరెంటు లెక్క మన ఊరి నీళ్ల దగ్గర మొదలవ్వాలి

పోస్టు పెద్దగానే ఉంది. మెస్‌లో అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి, కానీ చివరిదాకా చదవండి. చివర్లో అందరం కలిసి చేయాల్సిన పని ఒకటి ఉంది.

మేము ముగ్గురం హైదరాబాద్‌లో ఒకే హాస్టల్ గదిలో ఉంటాం. ఒకడిది అమ్రాబాద్ వైపు చెంచు పెంట. ఒకడిది నాగార్జునసాగర్ పక్కన పెద్దగట్టు దగ్గరి తండా. ఇంకొకడిది అశ్వాపురం పక్కన కోయగూడెం. హాస్టల్‌లో మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అమ్రాబాద్, పెద్దగట్టు, అశ్వాపురం అనే పిలుస్తారు. ఇక్కడా అట్లనే రాస్తాం. మన సంఘాల మధ్య ఈ మధ్య ఎన్ని మాటలు నడుస్తున్నాయో మీకు తెలిసిందే. మా గదిలో మాత్రం పచ్చడి సీసా ఒకటే, బకెట్ ఒకటే.

కొన్నాళ్ల కింద మా కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారు. అంశం ‘అణువిద్యుత్తు: భద్రత, భవిష్యత్తు’. మొదటి బహుమతి ఐదు వేలు. ముగ్గురం కలిసి ఒకటే రాద్దాం, వస్తే పంచుకుందాం అనుకున్నాం. మాకంటే ఈ సంగతి ఎవరికి బాగా తెలుసు అని కొంచెం పొగరు కూడా ఉండె.

అమ్రాబాద్ అరగంటలో రెండు పేజీలు రాసేశాడు. యురేనియం తవ్వితే గాలి తగిలినా చస్తాం, కృష్ణానది మొత్తం విషమైపోతుంది, రియాక్టరంటేనే బాంబు. ఇట్లా సాగింది. అశ్వాపురం ఫిజిక్స్‌లో పీజీ చేస్తున్నాడు. అది చదివి కాగితం పక్కన పెట్టాడు.

"ఇందులో సగం ఫోన్లల్ల తిరిగే ముచ్చట్లేరా. రియాక్టర్ బాంబు లెక్క పేలదు. బాంబుకు కావాల్సినంత చిక్కటి యురేనియం అందులో ఉండనే ఉండదు. ఇది చదివిన సారు మొదటి పేజీలనే పక్కన పెడ్తడు. పెట్టి, మన అసలు బాధ కూడా అబద్ధమే అనుకుంటడు."

"అంటే నువ్వు తవ్వేటోళ్ల దిక్కా?" అన్నాడు అమ్రాబాద్.

ఆ రాత్రి పెద్ద గొడవైంది. రెండు రోజులు గదిలో మాటల్లేవు.

అమ్రాబాద్ కోపానికి కారణం ఉంది. 2019లో వాడు ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. ఆ ఏడాది మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ కింద ఉండే అటవీ సలహా కమిటీ, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సరే అని సిఫారసు చేసింది. దాని కోసం 4,000 బోర్లు వేస్తారన్న వార్త బయటికొచ్చింది. పులి తిరిగే చోట పుట్టతేనె తీసుకోవడానికి కూడా మనోళ్లను సవాలక్ష అడిగే అడవి అది. అదే అడవిలోకి డ్రిల్లింగ్ మిషన్లు వస్తాయంటే ఎట్లుంటుంది? అమ్రాబాద్, పదర వైపు ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. ‘సేవ్ నల్లమల’ అని సినిమావాళ్లు కూడా గొంతు కలిపారు. సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. వాడు అట్టముక్క పట్టుకుని ఎండలో నిలబడ్డ పిల్లల్లో ఒకడు. మిషన్లు వెనక్కిపోయాయి కాబట్టే వాడి పెంట ఇంకా ఉంది అని వాడి నమ్మకం. ఆ నమ్మకం మీద ఫిజిక్స్ చెప్తే ఎవరికైనా కోపం వస్తుంది.

మూడో రోజు అశ్వాపురమే మాట కలిపాడు. నోట్‌బుక్ తెచ్చి మంచం మీద పరిచాడు.

"నేను ఎవరి దిక్కూ కాదు. ఇది చూడు" అన్నాడు.

వాడి లెక్క ఇది. మన దేశంలో ఎక్కువగా ఉన్న భారజల రియాక్టర్లలో ఒక కిలో యురేనియం సుమారు 50 వేల యూనిట్ల కరెంటు ఇస్తుంది. అంత కరెంటు బొగ్గుతో చేయాలంటే 30 టన్నులకు పైగా కాల్చాలి. మన దేశంలో యురేనియం రాయి చాలా పలచన. వంద కిలోల రాయిలో 50 గ్రాముల అటూఇటూ ఉంటుంది. అంటే ఒక కిలో కోసం రెండు టన్నుల పైచిలుకు రాయి తవ్వాలి. అట్ల చూసినా బొగ్గు కంటే తవ్వేది తక్కువే. బొగ్గు కాలిస్తే పొగ, బూడిద, ఊపిరితిత్తుల జబ్బులు, ఎండలు ముదరడం. ప్రపంచం మొత్తంలో ఒక్కో యూనిట్ కరెంటుకు ఎంతమంది చనిపోతున్నారని లెక్క వేసినవాళ్లు, చెర్నోబిల్, ఫుకుషిమా రెండూ కలుపుకున్నా అణు కరెంటుది బొగ్గుతో పోలిస్తే వందల రెట్లు తక్కువ అంటున్నారు. సోలార్, గాలిమరల పక్కన నిలబడేంత తక్కువ.

"మా అమ్మమ్మ ఊరిని మింగింది యురేనియం కాదురా, బొగ్గు" అన్నాడు. "ఓపెన్‌కాస్ట్ కింద ఊరుపోయింది, గుడి పోయింది, చింతచెట్టు పోయింది. పోలవరం కింద మా కోయోళ్లవి, కొండరెడ్లవి ఎన్ని ఊళ్లు పోతున్నయో నీకు తెల్వదా? అది నీళ్ల కరెంటు, పొగరాని కరెంటు. ఏ కరెంటైనా మన మీదికెళ్లే పోతుంది. ఒక్క యురేనియంనే దయ్యం చేస్తే మిగిలినవన్నీ దేవుళ్లైతయా?"

వాడి లెక్క మాకు నచ్చలేదు. కానీ ఎక్కడ తప్పు పట్టాలో తెలియలేదు. అప్పుడు పెద్దగట్టు అడిగిన మాటతో దారి దొరికింది. వాడు బీకాం. లెక్కల్లో వాడి చూపే వేరు.

"ఆ సచ్చిపోయినోళ్ల లెక్క యాడ్నుంచి మొదలుపెట్టిన్రు? రియాక్టర్ గేటు కాడ్నుంచా, గని కాడ్నుంచా?"

అప్పటినుంచి వారం రోజులు ముగ్గురం లైబ్రరీలోనే. మాకు అర్థమైంది మీకు చెప్తాం.

1979 మార్చి 28న అమెరికాలో త్రీమైల్ ఐలాండ్ రియాక్టర్‌లో ప్రమాదం జరిగింది. ప్రపంచమంతా తెలుసు. పుస్తకాల్లో ఉంది. అదే ఏడాది జూలై 16న అమెరికాలోనే న్యూమెక్సికో రాష్ట్రంలో చర్చ్ రాక్ అనే చోట యురేనియం మిల్లు వ్యర్థాల కట్ట తెగింది. వెయ్యి టన్నులకు పైగా బురద, సుమారు 35 కోట్ల లీటర్ల విషపు నీళ్లు ప్యుయెర్కో నదిలో కలిశాయి. ఆ నది ఒడ్డున గొర్రెలు మేపుకునేవాళ్లు నవాహోలు, అక్కడి ఆదివాసులు. మొదటిది మా ఫిజిక్స్ పుస్తకంలో ఉంది. రెండోది ఏ పుస్తకంలోనూ కనపడలేదు. మాకు ఆ వారం దాకా తెలియదు.

నవాహో నేల మీద 1944 నుంచి 1986 వరకు సుమారు 3 కోట్ల టన్నుల యురేనియం రాయి తవ్వారు. గనుల్లో దిగిన నవాహోలకు లోపల ఊపిరితో పోయే రేడాన్ వాయువు గురించి ఎవరూ చెప్పలేదు. గనుల్లో మిగిలిన రాయి తెచ్చి ఇళ్లు కట్టుకున్నారు. తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్లు వచ్చాయి. 1990లో గానీ నష్టపరిహారం చట్టం రాలేదు. మూసేయకుండా వదిలేసిన గనులు 500కు పైగా ఇంకా ఉన్నాయి. 2005లో నవాహోలు తమ నేల మీద యురేనియం తవ్వకూడదని తామే చట్టం చేసుకున్నారు.

మన దేశంలో దీనికి జవాబు జార్ఖండ్‌లో ఉంది. జాదుగూడ. సంతాలులు, హోలు ఉండే ప్రాంతం. 1967 నుంచి అక్కడ యురేనియం తీస్తున్నారు. రాయిని పొడి చేసి, యాసిడ్‌తో యురేనియం లాగేశాక మిగిలిన పిప్పిని బురదగా పైపుల్లో పంపి చెరువుల్లో నింపుతారు. టెయిలింగ్ పాండ్ అంటారు. చెరకు పిండితే రసం పోయి పిప్పి మిగులుతుంది, ఆ పిప్పితో ప్రమాదం లేదు. ఇక్కడ అట్ల కాదు. యురేనియం తీసేశాక కూడా ఆ రాయిలో మొదట ఉన్న రేడియోధార్మికతలో 85 శాతం దాకా పిప్పిలోనే ఉండిపోతుంది. థోరియం, రేడియం, వాటి నుంచి పుట్టే రేడాన్. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. పెద్దగట్టు పక్కనున్న నాగార్జునకొండ దగ్గర ఇక్ష్వాకులు రాజ్యం చేసి సుమారు 1,700 ఏళ్లు. వాళ్ల కాలంలో అక్కడ పిప్పి పోసి ఉంటే ఇప్పటికి అందులోని రేడియం సగం దాకే తగ్గేది. అసలు ఆ రేడియంను పుట్టించే థోరియం తగ్గడానికి ఇంకా ఎన్నో వేల ఏళ్లు పడుతుంది కాబట్టి అంత కూడా తగ్గదు.

2006 డిసెంబర్‌లో జాదుగూడలో ఆ బురద పైపు పగిలి వాగులో కలిసింది. అక్కడి పిల్లల్లో పుట్టుక లోపాలు, ఆడవాళ్లకు గర్భాలు నిలవకపోవడం ఎక్కువగా ఉన్నాయని ఊళ్లవాళ్లు, కొందరు డాక్టర్లు ఏళ్లుగా చెప్తున్నారు. దానికి రేడియేషన్ కారణం కాదని, కొలతలు హద్దులోనే ఉన్నాయని, పేదరికం, పోషకాహార లోపం వంటివి చూడాలని కంపెనీ, అణుశక్తి శాఖ చెప్తున్నాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, హైకోర్టు కూడా పట్టించుకుంది. అయినా ఇన్నేళ్లయినా రెండు వైపులా అదే మాట. మేము చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయాం. ఎవరిది నిజమో మేము తేల్చలేం. కానీ గని తెరవక ముందు అక్కడి నీళ్లు ఎట్లా ఉండేవో, ఎంతమంది పిల్లలు ఎట్లా పుట్టేవాళ్లో ఊరి చేతిలో రాసి పెట్టుకున్న లెక్క ఉండి ఉంటే, ఈ తగువు ఎప్పుడో తేలేది కదా అనిపించింది.

ఇంకో సంగతి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. జాదుగూడలో తీసిన యురేనియం ముద్ద ఎక్కడికి వస్తుందో తెలుసా? ఇక్కడికే. హైదరాబాద్ మౌలాలిలోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు. 1971 నుంచి ఉంది. అక్కడ దాన్ని బిళ్లలుగా చేసి, గొట్టాల్లో పేర్చి, కట్టలు కట్టి దేశంలోని రియాక్టర్లకు పంపుతారు. ఆ రియాక్టర్లకు భారజలం కావాలి. మామూలు నీళ్లలో అది లక్షకు 15 పాళ్ల లెక్కన ఉంటుంది. గోదావరి నీళ్లలోంచి దాన్ని వేరు చేసే ప్లాంటు మణుగూరు దగ్గర అశ్వాపురంలో ఉంది, మా వాడి గూడానికి పక్కనే. కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలికి అడ్డంగా ఉరకాలని వాడికి చిన్నప్పటి నుంచి చెప్పారు. అక్కడ వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు విషం కాబట్టి. ఇక యురేనియం ఎక్కడుందో వెతికే సంస్థ ప్రధాన కార్యాలయం బేగంపేటలో ఉంది.

అంటే అణు కరెంటు ఎక్కడో కూడంకుళంలో, కాకినాడ అవతల సముద్రం దగ్గర ఉండే సంగతి కాదు. వెతికేవాళ్లు బేగంపేటలో, బిళ్లలు చేసేవాళ్లు మౌలాలిలో, భారజలం మా అశ్వాపురం పక్కన, వాళ్లు వెతుకుతున్న రాయి మా అమ్రాబాద్ కింద, మా పెద్దగట్టు కింద. మా ఒక్క గదిలోనే ఈ గొలుసు మొత్తం ఉంది. మాలో ఒక్కడిని కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

పెద్దగట్టు వాడి తండా కథ కొంచెం వేరు. అమ్రాబాద్‌కు ముందే, 2003లోనే లంబాపురం, పెద్దగట్టు దగ్గర గని పెడతామని వచ్చారు. ఆ ఏడాది ఆగస్టులో బహిరంగ విచారణ జరిగింది. వీడు అప్పటికి పుట్టలేదు. వాళ్ల యాడి చెప్పిన కథే వీడికి తెలుసు. ఆమె చంకలో పిల్లనేసుకుని పోయిందట. మైకు దాకా వెళ్లలేదు కానీ, మందిలో నిలబడి గొంతెత్తిందట. సాగర్ నీళ్ల పక్కనే గని ఏంటని నగరంలోని వాళ్లు కూడా అడిగారు, ఎందుకంటే హైదరాబాద్ తాగేది కూడా కృష్ణ నీళ్లే. ఇన్నేళ్లయినా ఆ గని రాలేదు.

ఇక్కడ మనందరం గుర్తు పెట్టుకోవాల్సింది ఉంది. అమ్రాబాద్ వైపు చెంచు ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ పెసా చట్టం ఉంది. నల్గొండ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. కాబట్టి తండాకు పెసా లేదు. అటవీ భూమి ఉన్నచోట 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అది కాక వాళ్లు నోరు తెరవడానికి ఉన్న చోటు ఆ బహిరంగ విచారణ ఒక్కటే. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు అని. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాలు అని కారణం చెప్పారు. వీడికి ఈ సంగతి చదివి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే ఇప్పుడు మా యాడి గొంతెత్తాల్నంటే యాడ నిలబడాలె?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

2022లో వచ్చిన అటవీ సంరక్షణ నియమాలు కూడా చూశాం. అడవి భూమిని వేరే పనికి ఇచ్చేముందు గ్రామసభ ఒప్పుకుందా లేదా అని అంతకుముందు కేంద్రం చూడాల్సి ఉండేది. ఇప్పుడు కేంద్రం ముందు అనుమతి ఇచ్చేస్తుంది, హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకోవాలి. బిడ్డ పెళ్లి ఖాయం చేసి, లగ్గం పత్రికలు పంచి, అప్పుడు బిడ్డను ఇష్టమేనా అని అడిగినట్టు. ఇక 2019 నాటి శాసనసభ తీర్మానం మనకు పెద్ద బలం, నిజమే. కానీ తీర్మానం చట్టం కాదు. యురేనియం మీద నిర్ణయం కేంద్రానిది.

ఇప్పుడు భవిష్యత్తు సంగతి. దేశంలో ఇప్పుడున్న అణు విద్యుత్ సామర్థ్యం 9 వేల మెగావాట్ల దరిదాపుల్లో ఉంది. మొత్తం కరెంటులో 3 శాతం దగ్గర. 2047 నాటికి దాన్ని లక్ష మెగావాట్లు చేస్తామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20 వేల కోట్లు పెట్టారు, 2033 నాటికి కనీసం ఐదు నడపాలన్నారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్ల ప్రతిపాదన ఉంది, అక్కడ మత్స్యకారులు ఊళ్లు వదలాలి. పది రెట్లకు పైగా పెరిగే రియాక్టర్లకు యురేనియం ఎక్కడి నుంచి వస్తుంది? కొంత కజకిస్తాన్, రష్యా లాంటి దేశాల నుంచి కొంటున్నారు. మిగిలింది మన కింద ఉన్న రాయే. కాబట్టి 2019తో కథ అయిపోయింది అనుకోవద్దు.

మేము ‘అణు కరెంటు వద్దు’ అని రాయలేకపోయాం. ఎండలు ముదిరితే మొదట ఎండేది మన వాగులే, మొదట పోయేది మన ఇప్పపూలు, మన తేనే. బొగ్గు ఆగాలి అంటే దాని బదులు ఏదో కావాలి. సోలార్ పగలే వస్తుంది, దానికీ భూమి కావాలి. అశ్వాపురం మాట మేము కొట్టేయలేం. కానీ ‘అణు కరెంటు సురక్షితం’ అని చెప్పేవాళ్ల మాట కూడా అట్లనే ఒప్పుకోలేం. రియాక్టర్ గోడ ఎంత మందమో వాళ్లు బాగా చెప్తారు. పిప్పి చెరువు అడుగున ఏం పరిచారో అడిగితే చెప్పరు. రియాక్టర్‌లో పనిచేసే ఇంజనీరుకు రోజూ ఒంటికి రేడియేషన్ కొలిచే బిళ్ల ఉంటుంది. చెరువు కట్ట మీద మేకలు కాసే పిల్లకు ఉండదు.

ఫుకుషిమా కూడా మాకు ఇదే చెప్పింది. 2011 మార్చి 11న సునామీ వచ్చి రియాక్టర్లు దెబ్బతిన్నాయి. రేడియేషన్ వల్ల చనిపోయాడని ప్రభుత్వం ఒప్పుకున్నది ఒక్క కార్మికుడి విషయంలో. కానీ లక్షన్నర మంది ఊళ్లు వదిలిపోవాల్సి వచ్చింది. ఆ వదిలిపోవడంలో, ఆస్పత్రులు మారడంలో, దిగులుతో 2,000 మందికి పైగా పోయారు, ఎక్కువ మంది ముసలివాళ్లు. ఊరు వదలడం మనిషిని చంపుతుందని మనకు ఒకరు చెప్పాలా? పునరావాస కాలనీకి పోయిన ప్రతి గూడెంలో మొదటి రెండేళ్లలో ఎంతమంది ముసలివాళ్లు మిగిలారో చూడండి.

అక్కడి రియాక్టర్లలో వాడిన యురేనియంలో కొంత ఆస్ట్రేలియాలో మిరార్ అనే ఆదివాసుల నేల నుంచి పోయింది. ఆ నేలలో గని వద్దని మొదటి నుంచి అన్నవాళ్లే వాళ్లు. అయినా ప్రమాదం జరిగాక వాళ్ల పెద్ద ఇవాన్ మార్గరులా ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాసి, తమ నేల నుంచి పోయిన దాని వల్ల జపాన్ వాళ్లకు జరిగినదానికి బాధపడ్డారు. తవ్వినవాళ్లు రాయాల్సిన ఉత్తరం, తవ్వొద్దన్నవాళ్లు రాశారు. మేఘాలయలో స్పిల్లిటీ లింగ్డో లంగ్రిన్ అనే ఖాసీ అవ్వ ఉండేది. ఎన్ని కోట్లు ఇస్తామన్నా తన భూమిని యురేనియానికి లీజుకు ఇవ్వలేదు. 2020లో పోయే దాకా ఇవ్వలేదు. ఆమెకు అడ్డం చెప్పే హక్కు ఎట్లా వచ్చింది? అక్కడ భూమి వాళ్ల చేతిలో, వాళ్ల కాగితాల్లో ఉంది. మనకు అదే లేదు.

వారం తర్వాత సెలవులకు ముగ్గురం అమ్రాబాద్ వాడి పెంటకు పోయాం. సాయంత్రం ఊట దగ్గర కూర్చున్నాం. వాడి తాత తునికాకు చుట్ట చుడుతూ మా వాదన అంతా విన్నాడు. అశ్వాపురం కష్టపడి యురేనియం, పిప్పి, నీళ్లు అన్నీ తాతకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. తాత ఊట వైపు చూసి అడిగాడు.

"మనవడా, గీ నీళ్లు ఇయ్యాల మంచియని మీ కాడ రాసి ఉన్నదా?"

లేదు తాతా అన్నాం.

"అడివిల ఉన్నమంటే కాయితమేది అన్నరు. మా అయ్య, మా తాత ఈడనే పుట్టిన్రంటే కాయితమేది అన్నరు. పట్టా కోసం ఎన్ని ఏండ్లు తిరిగినం! రేపు మిషన్లొచ్చి నీళ్లు ఖరాబైనంక, ముందు మంచిగుండె సారూ అంటే, గప్పుడు కాయితమేది అంటరు. మీరు సదువుకున్నోళ్లు. గది జూడుండ్రి."

మేము వారం రోజులు లైబ్రరీలో వెతికింది తాత చుట్ట ఆరేలోపల చెప్పాడు. జాదుగూడలో లేనిది అదే. యురేనియం ఉన్న రాయి మీద పారే నీళ్లలో గని లేకున్నా సహజంగానే కొంత యురేనియం ఉండొచ్చు. రేపు బోర్లు వేశాక నీళ్లలో ఎక్కువ కనబడితే, ‘ఇది ముందు నుంచీ ఉన్నదే’ అంటారు. అది నిజం కూడా కావచ్చు, అబద్ధం కూడా కావచ్చు. ముందు లెక్క మన చేతిలో లేకపోతే ఎవరికీ తెలియదు.

అందుకే ఈ పోస్టు. పోటీ గడువు మేము పెంటలో ఉండగానే దాటిపోయింది, ఐదు వేలు పోయాయి. దాని బదులు ఇది రాస్తున్నాం. అందరం చేయాల్సిన పని ఇది.

మొదటిది నీళ్లు. జియాలజీ, కెమిస్ట్రీ చదివే మనవాళ్లు యూనివర్సిటీల్లో చాలామంది ఉన్నారు. మీ ఊరి ఊట, బోరింగు, వాగు నుంచి నీళ్లు శుభ్రమైన సీసాల్లో తీసి, తేదీ, చోటు రాసి, మీ సార్లను అడిగి పరీక్ష చేయించండి. యురేనియంతో పాటు ఫ్లోరైడ్ కూడా చూడమనండి. తాగే నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. నీళ్లలో ఎక్కువైతే మొదట దెబ్బతినేది మూత్రపిండాలు. రంగు, రుచి చూసి తెలియదు, ల్యాబ్‌లోనే తెలుస్తుంది. ఎండాకాలం ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయించాలి. ఇప్పుడే ఎక్కువ వస్తే అది కూడా దాచొద్దు. అప్పుడు ఆ ఊరికి వేరే నీళ్లు ఇవ్వమని ఇవాళే అడగొచ్చు.

రెండోది మనుషులు. ఊళ్లో పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, గర్భం నిలవనివాళ్లు, ఏ జబ్బులు అనే వివరాలు ఆశా అక్క దగ్గర, ఏఎన్ఎం దగ్గర కొంత ఉంటాయి. ఇళ్ల పేర్లు బయటికి రాకుండా, అంకెలు మాత్రం ఏడాదివారీగా రాసి పెట్టుకుందాం.

మూడోది గ్రామసభ. అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పత్రం ఉందా, దరఖాస్తు పెట్టారా, ఎక్కడ ఆగింది? కనుక్కోండి. ఆ సభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. 2013లో నియమగిరి డోంగ్రియా కోందుల 12 గ్రామసభలు ఒక్కొక్కటిగా వద్దు అన్నాయంటే, సుప్రీంకోర్టు ఆ సభలనే అడగమంది కాబట్టి. మన నీళ్ల లెక్క, మనుషుల లెక్క సభలో చదివి, రిజిస్టర్‌లో రాయించి, వేలిముద్రలు వేయించి, ఒక నకలు మనం ఉంచుకుందాం. బహిరంగ విచారణ తీసేసినా ఈ రిజిస్టర్‌ను ఎవరూ తీసేయలేరు.

నాలుగోది మన నోరు. తెలియనిది రాయొద్దు. ఫోన్లో వచ్చిన ప్రతి పుర్రె బొమ్మ ముందుకు పంపొద్దు. మనం ఒక అబద్ధం చెప్తే, వాళ్లు దాన్ని చూపించి మన పది నిజాలు కొట్టేస్తారు. ఈ సంగతి అశ్వాపురం చెప్తే కోపమొచ్చింది కానీ, ఇప్పుడు అమ్రాబాదే అందరికీ చెప్తున్నాడు.

మేము పెంట నుంచి వచ్చేటప్పుడు ఊట నీళ్లు రెండు సీసాల్లో పట్టుకొచ్చాం. మూత మీద తేదీ రాశాం. ఒకటి ల్యాబ్‌కు ఇచ్చాం, ఫలితం ఇంకా రాలేదు. ఇంకోటి మా గదిలో కిటికీ దగ్గర ఉంది, ఎవరినీ తాగనివ్వడం లేదు. పెద్దగట్టు పండక్కి ఇంటికి పోయినప్పుడు తండా నీళ్లు తెస్తానన్నాడు. అశ్వాపురం గోదావరి నీళ్లు తెస్తాడు.

మీ ఊరి సీసా ఎప్పుడు తెస్తారో కింద రాయండి. అందరికీ జోహార్.